మూడవ రంధ్రం

కర్నూలులోను, కడపలోను నాపరాళ్ళు పరచిన పాత మిద్దె ఇండ్లు కొన్నింటిలో నేటికీ చెక్క పట్టీలమీద రెండే తీగలు కనబడుతున్నవి. ఒకటి కరెంటును తెచ్చేది. రెండవది దానిని తిరిగి చేరవేసే న్యూట్రల్. ఆ తీగలు వేసిన నాడు నాలుగు దీపాలు, ఒక పంకా ఉంటే చాలు. రెండు రంధ్రాల సాకెట్టుతో పని జరిగిపోయినది. నేడు అదే గోడకు ఫ్రిజ్జు, గ్రైండరు, వేసవి రాగానే ఇనుప కూలరు తగిలిస్తున్నాము.

వీటి ప్లగ్గుకు మూడు కాళ్ళు. లావుపాటి కాలు మిగిలిన రెండింటికంటె పొడవుగా ఉండడం అలంకారానికి కాదు. ప్లగ్గు పెట్టునపుడు అది ముందుగా తాకవలెను, తీయునపుడు చివర విడవవలెను. కూలరు పెంకుకు లోపల ఎక్కడైనా కరెంటు తగిలితే దానిని నేలకు చేర్చి, ఫ్యూజు తెగేటట్లు చేయడం దాని పని.

మేము అద్దెకున్న ఒక పాత ఇంట రెండు రంధ్రాల సాకెట్టు తీసి మూడు రంధ్రాలది బిగించినారు. సంతోషించినాము. ఆ వేసవిలో తడిచేత్తో కూలరును తాకగా చెయ్యి జివ్వుమన్నది. వైర్‌మన్ వచ్చి విప్పి చూస్తే మూడవ రంధ్రం వెనుక తీగయే లేదు! రెండు రంధ్రాల సాకెట్టు తన లేమిని దాచుకోదు. ఇది మాత్రం అబద్ధమాడుతుంది. ఇంతకంటె ప్రమాదకరమైన పని మరొకటి ఉన్నది. కొందరు సాకెట్టు లోపలనే న్యూట్రల్‌ను ఎర్తు మరకు కలిపివేస్తారు. టెస్టు దీపం చక్కగా వెలుగుతుంది. కాని వెనుక ఎక్కడైనా పాత న్యూట్రల్ తెగినదా, స్విచ్చి వేసి ఉన్న కూలరు ఏ లోపమూ లేకున్నా దాని పెంకు మీదికి 230 వోల్టులు వస్తాయి.

సరియైన మార్గం ఎర్తు తీగను కొత్తగా లాగి, నేలలో పాతిన గొట్టానికి కలపడమే. మన సీమలో చిక్కంతా ఆ నేలతోనే. ఒకచోట బండ తగిలి గొట్టం దిగదు. మరొకచోట నల్లరేగడి ఎండకు బీటలు వారి గొట్టాన్ని విడిచి తొలగుతుంది. ఎర్తు నిరోధం 5 ఓములైతే 46 ఆంపియర్లు పారి ఫ్యూజు తెగుతుంది. అదే 100 ఓములైతే పారేది 2.3 ఆంపియర్లే. 5 ఆంపియర్ల ఫ్యూజు చలించదు. పెంకు కరెంటుతోనే నిలిచి ఉంటుంది. గొట్టం చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు వేసి పైన గరాటు అమర్చేది తేమ నిలుపుటకే. త్రాగే నీటికే బిందెలు వరుసలో పెట్టే వీధిలో ఎర్తు గుంటకు నీళ్ళు పోయుమంటే ఇల్లాలు నవ్వుతుంది. బట్టలు జాడించిన నీళ్ళైనా సరే, పోయవలసినదే.

గోడ తవ్వుటకు యజమాని ఒప్పుకొననిచోట 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అనే స్విచ్చిని మీటరు తరువాత పెట్టించవచ్చును. వెళ్ళిన కరెంటుకు, తిరిగివచ్చిన కరెంటుకు తేడా రాగానే అది సరఫరాను ఆపివేస్తుంది. ఎర్తు తీగ లేకున్నను పనిచేస్తుంది. అమెరికా వైరింగు నియమావళి పాత ఇండ్లలో ఇటువంటి రక్షణతో మూడు రంధ్రాల సాకెట్టును అనుమతిస్తూ, ‘ఎర్తు లేదు’ అని దానిపై వ్రాయించుచున్నది. ఆ నిజాయితీ మాకు నచ్చినది. అయితే నేలను తాకక, కరెంటు తీగను, న్యూట్రల్‌ను రెండు చేతులతో పట్టుకొన్నవానిని ఈ స్విచ్చి కాపాడలేదు. దానిపైనున్న పరీక్ష మీటను అప్పుడప్పుడు నొక్కి చూడవలెను.

అద్దె గదులలోని విద్యార్థులు సాకెట్టును తామే విప్పరాదు. లైసెన్సు గల వైర్‌మన్‌ను పిలిచి, మూడవ రంధ్రం వెనుక తీగ ఉన్నదా, ఉంటే అది ఎక్కడ ముగుస్తున్నదో చూపుమని అడగవలెను. మా ఇంట యజమాని కొత్త తీగకు ఒప్పుకొనుటకు రెండు నెలలు పట్టినది. అంతవరకు కూలరు ప్లగ్గు ఊడదీసి, విసనకర్రలతో గడిపినాము.