బరువులెత్తు వ్యాయామములో అర్ధశక్తి – దానిని లెక్కించు విధానము

వ్యాయామమును అర్ధశక్తితో చేయవలెనని వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయములోని దినచర్యాధ్యాయములో విధించెను. నడకకు, దండీలకు, బస్కీలకు ఈ నియమమును పాటించుట సులభమే. నుదుట, చంకలలో చెమట పట్టి, నోటితో ఊపిరి తీయవలసి వచ్చినప్పుడు ఆపివేసిన చాలును. బరువుల విషయము అట్లు కాదు. పాతిక కిలోల బియ్యపు బస్తాను ఒక్క ఊపున లేపి నడుము పట్టివేయించుకొన్న గృహస్థుని నుదుట చెమట బొట్టయినా ఉండదు. ఇక్కడ హెచ్చరిక కనబడులోపలనే హాని జరుగును. కనుక సగము శక్తి ఎంతయో ముందుగానే అంకెలలో తెలియవలెను. అందుకు పూర్తి శక్తి ఎంతయో తెలియవలెను.

పూర్తి శక్తి అనగా ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగి, రెండవసారి ఎత్తలేని బరువు. దీనిని నేరుగా పరీక్షింపబోవుట గృహములలో తగదు. అంత బరువును ఎత్తువాడు తనకు తెలియకుండనే ఊపిరి బిగబట్టును. రక్తపోటు ఒక్కసారిగా పెరుగును. పట్టు తప్పినచో అందుకొనువారుండరు. తక్కువ బరువును పలుమార్లు ఎత్తి, దాని నుండి పూర్తి శక్తిని గణించుటయే క్షేమకరము.

ఈ ఆలోచన పాతదే. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలోర్మ్ గాయపడిన సైనికుల కండరములకు బలము చేకూర్చుటకు బరువులను ఉపయోగించి, 1945లో ఆ పద్ధతిని ప్రకటించెను. సరిగా పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువును ఆయన కొలబద్దగా గ్రహించెను. 1948 నాటి ఆయన పద్ధతిలో మొదట ఆ బరువులో సగముతో పదిసార్లు, పిదప ముప్పాతికతో పదిసార్లు, చివరకు పూర్తి బరువుతో పదిసార్లు ఎత్తవలెను. సగముతో ఆరంభించుట మన పాఠకులకు ఆసక్తి కలిగింపకపోదు.

లెక్కకు సూత్రమును 1985లో బాయిడ్ ఎప్లీ అను అమెరికా శిక్షకుడు ఇచ్చెను. ఎత్తిన బరువును ఎత్తిన పర్యాయముల సంఖ్యచే గుణించి, 30చే భాగించి, వచ్చినదానిని మొదటి బరువుకు కలుపవలెను. 20 కిలోలను 10 సార్లు ఎత్తగలిగినచో, 200ను 30చే భాగింపగా సుమారు 6.7, కలుపగా 26.7 కిలోలు. 1993లో మాట్ బ్రిజికీ మరొక సూత్రము చెప్పెను: బరువును 36చే గుణించి, 37లో పర్యాయములు పోగా మిగిలిన సంఖ్యచే భాగించుట. పది పర్యాయములకు ఇదియు 26.7 కిలోలనే చూపును. అయితే అదే బరువును 20 సార్లు ఎత్తినచో మొదటి సూత్రము 33 కిలోలనగా, రెండవది 42 అనును! పర్యాయములు పదికి మించినప్పుడు బయటపడునది బలము కంటె ఓర్పే. కనుక ఐదు మొదలు పది పర్యాయములలో అలసట కలిగించు బరువునే పరీక్షకు ఎంచుకొనవలెను. చేతులకు వచ్చిన అంకె తొడలకు పనికిరాదు. ప్రతి కదలికకు వేరుగా లెక్కించుకొనవలెను.

పరీక్షనాడు భోజనమైన రెండు మూడు గంటల తరువాత, తేలిక బరువుతో శరీరమును వేడెక్కించి, మూడు నిమిషములు విశ్రమించవలెను. ఎత్తునప్పుడు ఊపిరి వదలుచు, దించునప్పుడు పీల్చవలెను. నడుము వంకర తిరిగినను, కుదుపుతో లేపవలసి వచ్చినను ఆ పర్యాయమును లెక్కింపక అక్కడనే ఆపవలెను. డంబెల్స్ లేనివారికి నీటి క్యాను చాలును. లీటరు నీరు ఒక కిలో బరువు.

పై ఉదాహరణలో సగము 13 కిలోలు. కొత్తవారు మొదటి వారములు దీనితోనే సాధన చేయుట మేలు. అటుపై 60 మొదలు 70 శాతము, అనగా 16 మొదలు 18.7 కిలోలు, 8 నుండి 12 పర్యాయములు ఎత్తవచ్చును. 2009లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ కొత్తవారికి సూచించిన మితి ఇదియే. శాస్త్రకారుడు చెప్పిన అర్ధశక్తి బరువులో సగమని కాదు, మొత్తము శ్రమలో సగమని నా అభిప్రాయము. కనుక 13 కిలోలైనను రొప్పు వచ్చువరకు ఎత్తుచు పోయిన అది అర్ధశక్తి కాజాలదు.

వాగ్భటుడు వృద్ధులకు, అజీర్ణరోగులకు వ్యాయామమును నిషేధించెను. అజీర్ణము మాట యథాతథముగా గ్రాహ్యమే. వృద్ధుల విషయములో నేటి విజ్ఞానము వేరుగా ఉన్నది: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకములలో 65 ఏండ్లు దాటినవారికిని వారమునకు రెండు దినములైనను కండర బలమునకు వ్యాయామము అవసరమని చెప్పెను. వారు ఈ పరీక్ష జోలికి పోక, హాయిగా పన్నెండు సార్లు ఎత్తగల బరువునే తీసుకొనవలెను. అధిక రక్తపోటు, హృద్రోగము, హెర్నియా గలవారు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, గర్భిణులు వైద్యుని అనుమతి లేనిదే పరీక్షకు పూనుకొనరాదు.

అర్ధశక్తి వ్యాయామము హేమంత శిశిరములకు, వసంతమునకు చెప్పబడినది. తక్కిన కాలములలో ఇంకను తగ్గించవలెను. రోహిణీ కార్తె ఎండలలో పరీక్ష పెట్టుకొనక, పాత అంకెతోనే మరికొంత తగ్గించి సాధన చేసి, చలికాలము ఆరంభమున కొత్తగా లెక్కించుకొనవలెను.