ఉయ్యాల వంపు, పసిబిడ్డ గొంతు

చిత్తూరు నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా కోడలికి వచ్చే నెలలో కాన్పు. తల్లి మంచానికి ఆనించి వేసే చిన్న మంచం కొందామంటాడు మా అబ్బాయి. ఎట్లాంటిది కొనాల? మా ఇండ్లల్లో అందరం చీర ఉయ్యాల్లోనే పెరిగినాం, అది చాలదా?"

రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను. మంచం ఎట్లా ఎంచుకోవాలో అందులోనే తేలిపోతుంది.

ప్రాథమిక సంగతులు గబగబా చెప్పేస్తాను. బిడ్డ తల్లి ఉన్న గదిలోనే, తనకంటూ వేరే పడక మీద, వెల్లకిలా పడుకోవాలి. పడక గట్టిగా, సమతలంగా ఉండాలి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో మరోసారి చెప్పిందీ ఇదే. కనీసం ఆరు నెలలు తల్లి గదిలోనే ఉంచమంది. ఇందులో 'సమతలం' దగ్గర మాత్రం ఆగుదాం. అక్కడున్న భౌతికశాస్త్రం అద్భుతమైనది.

అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే. ఆ తల వెనక భాగం బాగా ఉబ్బెత్తుగా ఉంటుంది. అంత బరువును నిలబెట్టే బలం మెడకు ఇంకా రాలేదు. చీర ఉయ్యాల్లో వేస్తే గుడ్డ కిందికి దిగుతుంది, వీపు గుండ్రంగా వంగుతుంది, తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది. అప్పుడు గొంతు వెనక మెత్తని భాగం నలిగి, గాలి పోయే దారి ఇరుకవుతుంది. పెద్దవాళ్లమైతే నిద్రలోనే తల కదిల్చి సర్దుకుంటాం. నెలల బిడ్డకు అది చేతకాదు.

దారి కాస్త ఇరుకైతే ఏమవుతుంది? 1840 ప్రాంతంలో ప్వాజోయ్ అనే ఫ్రెంచి వైద్యుడు రక్తప్రవాహాన్ని అర్థం చేసుకుందామని సన్నని గాజు గొట్టాల్లో నీళ్లు పంపి ఓపిగ్గా కొలిచాడు. గొట్టం వ్యాసార్థం సగమైతే ప్రవాహం సగమవుతుందని మనం అనుకుంటాం. పావు వంతు అవుతుందని ఇంకొంచెం ఆలోచించినవాళ్లు అంటారు. ఆయన కొలతల్లో తేలింది పదహారో వంతు! వ్యాసార్థం నాలుగో ఘాతాన్ని బట్టి ప్రవాహం మారుతుంది. పసిబిడ్డ గాలిగొట్టం వ్యాసం నాలుగైదు మిల్లీమీటర్లే. నాలుగు మిల్లీమీటర్ల దారి రెండుకు తగ్గితే అంతే గాలికి పదహారు రెట్లు కష్టపడాలి. పెద్దవాళ్లలో పదహారు మిల్లీమీటర్ల దారి అదే రెండు మిల్లీమీటర్లు తగ్గితే కష్టం రెట్టింపు కూడా కాదు. గొంతు నిటారైన గాజు గొట్టం కాదు కాబట్టి లెక్క అచ్చంగా కుదరదు. అయినా పసిబిడ్డకు ఒక్కో మిల్లీమీటరూ ఎంత విలువైనదో దీన్నిబట్టి తెలుస్తుంది.

తల గుండ్రంగా రావాలని మన ఇళ్లలో పెట్టే ఆవాల దిండు చేసేదీ ఇదే. అసలే ఉబ్బెత్తు తల, దాని కింద దిండు: గడ్డం ఇంకా లోపలికి పోతుంది. వాలుగా ఉండే పడకల్లోనూ ఇదే ప్రమాదం. ఫిషర్ ప్రైస్ అనే బొమ్మల కంపెనీ వారి 'రాక్ ఎన్ ప్లే' అనే వాలు పడకను అమెరికాలో లక్షల ఇళ్లలో వాడారు. పసిపిల్లల మరణాలు బయటపడ్డాక 2019 ఏప్రిల్‌లో దాదాపు 47 లక్షల పడకలను వెనక్కి పిలిచారు. పది డిగ్రీలకు మించి వాలు ఉన్న పసిపిల్లల పడకలను 2022లో అక్కడ చట్టమే నిషేధించింది.

'వెల్లకిలా పడుకోబెడితే కక్కిన పాలు గొంతులో అడ్డం పడవా?' అని ప్రతి అమ్మమ్మా అడుగుతుంది. ఇదే భయంతో బెంజమిన్ స్పాక్ అంతటి పేరున్న అమెరికా పిల్లల వైద్యుడు బోల్తాపడ్డాడు. కోట్ల ప్రతులు అమ్ముడైన తన పుస్తకంలో, 1950ల చివరికి వచ్చిన కూర్పుల్లో, బోర్లా పడుకోబెట్టమని రాశాడు. నిజానికి వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. కక్కిన పాలు గాలిగొట్టంలోకి పోవాలంటే పైకెక్కాలి. బోర్లా వేస్తే గాలిగొట్టమే కిందికి వస్తుంది! బోర్లా పడక ప్రమాదమని 1970కే తెలుసుకోదగ్గ ఆధారాలు ఉన్నాయనీ, అప్పుడే మేలుకొని ఉంటే ఒక్క బ్రిటన్‌లోనే పదివేలకు పైగా పిల్లలు బతికేవారనీ 2005లో పరిశోధకులు లెక్కగట్టారు. 1991లో బ్రిటన్ 'వెల్లకిలా' ప్రచారం మొదలుపెట్టాక నిద్రలో హఠాన్మరణాలు కొన్నేళ్లలోనే సగానికి పైగా తగ్గాయి. సరైన ఆధారం కళ్లముందున్నా ఇరవై ఏళ్లు పోగొట్టుకోవడం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

ఇక మంచం సంగతి. అంగళ్లలో మెత్తని స్పాంజి పరుపులు, చుట్టూ దిండ్లు, కుచ్చుల దోమతెరలతో అందమైనవి చాలా అమ్ముతున్నారు. అవి అమ్మానాన్నల కంటికి నచ్చేలా చేసినవి. మీరు చేత్తో నొక్కి చూడండి, పరుపు దిగకూడదు. పరుపుకూ చట్రానికీ మధ్య రెండు వేళ్లు దూరకూడదు. ఊచల మధ్య ఆరు సెంటీమీటర్లకు మించి ఖాళీ ఉండకూడదు. పెద్ద మంచానికి ఆనించే రకమైతే పట్టీలతో గట్టిగా బిగించాలి. రెండింటి మధ్య సందు ఏర్పడితే బిడ్డ అందులోకి జారుతుంది. మీ ఇంట్లో నులక మంచమో నవారు మంచమో ఉంటే ఈ రకం కొనొద్దు. తల్లి కూర్చున్నప్పుడల్లా మంచం కుంగి సందు పెరుగుతుంది. అదే మంచంలో బిడ్డనూ పడుకోబెడితే ఆ పల్లంలోకి, తల్లి వైపు దొర్లుతాడు. అలాంటి ఇళ్లలో తల్లి పక్కన నేల మీద చాప, దానిపై ముడతల్లేకుండా పరిచిన పలుచని గట్టి బొంత చాలు. దోమతెర బిడ్డ ముఖానికి తగలకుండా బిగుతుగా కట్టండి. తిరుపతి మే నెల ఎండల్లో టోపీలు, దుప్పట్లు వద్దు. ఒళ్లు వేడెక్కడం కూడా ప్రమాదమే.

తిరుమల అద్దాల మండపంలో వేంకటేశ్వరునికే డోలోత్సవం చేసే సీమ మనది. ఉయ్యాల మానేయమని నేను చెప్పను. మెలకువగా ఉన్న బిడ్డను, మీరు పక్కనే చూస్తూ, కాసేపు ఊపండి. కళ్లు మూతపడగానే ఎత్తి సమతలంగా ఉన్న పడక మీద వెల్లకిలా వేయండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే ఈ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండండి.