నీరు తీయు మాత్రలు: వానిని వాడువారు ఎఱుగవలసిన సంగతులు

నేను వైద్యుడను గాను, వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరును. అయినను మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు గ్రామములకు విత్తనములను గూర్చియు ఎఱువులను గూర్చియు చెప్పుటకై పోయినప్పుడెల్ల, సంఘపు అరుగుమీద ఎవరో యొకరు జేబులోనుండి మడతలు పడిన చీటీ తీసి, "మీరు మిషను బడిలో ఇంగ్లీషు చదివినవారు గదా, ఇందులో ఏమున్నదో చూచి చెప్పుడు" అని యడుగుచుందురు. అట్టి చీటీలలో నాకు తఱచుగా కనబడునవి నాలుగైదు పేర్లు: లాసిక్స్ అను పేర అమ్మబడు ఫ్యూరోసిమైడు, టోర్సిమైడు, హైడ్రోక్లోరోథయజైడు, క్లోర్‌థాలిడోను, అప్పుడప్పుడు స్పైరొనోలాక్టోను. ఇవన్నియు ఒంటినీరు తీయు మందులే. మనవారు నీళ్ల గోలీలందురు. ఈ మందులు మంచివి, ఎందఱినో బ్రదికించుచున్నవి. కాని వీనిని వాడు తీరు తెలియకపోవుటచే ఒక యింట జరిగిన దానిని కన్నులార చూచినవాడను గావున, తెలిసిన వైద్యులను విచారించి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

శామీర్‌పేట చెఱువు క్రింద వరియు, మెట్టమీద కూరగాయలును పండించు పెద్దరైతు ఒకరు కలరు. చుట్టరికము లేకపోయినను నేనాయనను పెదనాన్న యని పిలుతును. కొన్నియేండ్ల క్రిందట ఆయన కాళ్లకు నీరు దిగి, నాలుగు మెట్లెక్కిన ఆయాసము వచ్చుచుండగా, పట్నములో వైద్యుడొకరు చూచి, బి.పి. మందుతోగూడ ఉదయమొక ఫ్యూరోసిమైడు మాత్రను పది దినములకు వ్రాసియిచ్చి, ఆ పిమ్మట మరల రమ్మనిరి. నాలుగు దినములలో నీరు తీసినది. ఆయన మరల పోలేదు. ఆ పాత చీటీతోనే నెలనెలకును మాత్రలు కొనుచు, కాళ్లు బరువనిపించిన నాడు రెండేసి మ్రింగుచు, ఎనిమిది నెలలు గడపెను. "గోలి మంచిగనే పనిచేస్తున్నది, ఎందుకు బందు చేయాలె బిడ్డా?" అని నాతోనే యనెను. నేనును ఊరకుంటిని, అది నా తప్పు. వైశాఖమాసములో మోకాళ్ల నొప్పికై ఊరిలో ఒకరు వరుసగా మూడు దినములు నొప్పిసూది వేసిరి. నాలుగవనాడు విరేచనములు పట్టుకొన్నవి. ఆ మఱునాడును మాత్ర మానక మ్రింగి, మధ్యాహ్నపుటెండలో మోటారు వేయుటకై బావి యొద్దకు పోయి, స్టార్టరు డబ్బా ముందఱనే కూలబడెను. కోడలు చూచినది గావున బ్రదికెను. ఆసుపత్రిలో రక్తము పరీక్షింపగా సోడియము, పొటాషియము రెండును తగ్గియుండెను, మూత్రపిండములు దెబ్బతినియుండెను. అవి తేరుకొనుటకు మూడు వారములు పట్టినది.

ఇందులో మందు చేసిన ద్రోహమేమియు లేదు. మందు తన పని తాను చేసినది. ఆ పని యెట్టిదో చూతము.

మన మూత్రపిండములు రెండును దినమునకు ఇంచుమించు 180 లీటర్ల నీటిని రక్తమునుండి వడగట్టును. అంతయు బయటకు పోయినచో మనుజుడు గంటలలో ఎండిపోవును. కావున నూటికి తొంబదితొమ్మిది పాళ్లు మరల రక్తములోనికే మరలింపబడి, లీటరున్నర, రెండు లీటర్లు మాత్రము మూత్రముగా వెడలును. ఈ మరలింపు ఉప్పును బట్టి నడచును. చౌడు నేలను ఎఱిగినవారికి ఈ సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు. ఉప్పు ఎక్కడ నిలుచునో చెమ్మ అక్కడ నిలుచును. నీరు తీయు మాత్ర ఉప్పు మరలి వచ్చు కాలువను కొంత మూయును. ఉప్పు అలుగుమీదుగా బయటకు పోవును, దానివెంట నీరు పోవును. ఫ్యూరోసిమైడు, టోర్సిమైడు మూయునది పెద్ద కాలువ. అందుచే వాని వేగము హెచ్చు, వాపు తీయుటకు అవి తగినవి. హైడ్రోక్లోరోథయజైడు, క్లోర్‌థాలిడోను మూయునది చివరనున్న చిన్న కాలువ. అవి మెల్లగా పనిచేసి, కొన్ని వారములలో రక్తనాళములను గూడ సడలించును గావున రక్తపుపోటునకు వానిని ఎక్కువగా వాడుదురు. పోటు మాత్ర మ్రింగినను మూత్రము విశేషముగా రాలేదు గనుక అది పనిచేయలేదని తలంపరాదు.

ఇట్టి మందులు పూర్వము లేవు. 1920 ప్రాంతమున వియన్నా నగరములో సవాయి రోగికి పాదరసపు సూది వేయగా మూత్రము విస్తారముగా వెడలుట చూచి, దానినే వాపునకు వాడసాగిరి. పాదరసము విషమని యెఱిగియు వేఱు గతి లేక వాడిరి. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టు 1945 ఏప్రిలులో మెదడులో నెత్తురు చిమ్మి మరణించిన దినమున ఆయన రక్తపుపోటు 300/190 ఉండెను. అంతటి వానికిని ఇయ్యదగిన మందు నాడు లేదు. ఆ కాలముననే కెంప్నరు అను వైద్యుడు ఉత్తర కెరొలినాలో రోగులకు ఉప్పులేని అన్నము, పండ్లు, చక్కెర మాత్రమే పెట్టి పలువురి పోటును దించెను. మనము వినదగిన ముచ్చట యిది. అన్నము తిన్నందున పోటు పెరుగదు. అన్నములో కలుపుకొను ఆవకాయ, ఉప్పుమిరపకాయ, అంబలిలో వేసికొను పిడికెడుప్పు పెంచును. 1958లో క్లోరోథయజైడు, ఆ తరువాతి దశకములో ఫ్యూరోసిమైడు వైద్యుల చేతికి వచ్చిన పిమ్మటనే పేదవానికి గూడ ఈ చికిత్స అందినది. అయినను మాత్ర మ్రింగుచు పచ్చడి మానని వాడు, ఒకప్రక్క నీరు తోడుచు మఱియొకప్రక్క గండి కొట్టినవాని వంటివాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు దినమునకు అయిదు గ్రాములకు తక్కువగా, అనగా ఒక టీ చెంచాకు లోపుగా, ఉప్పు తినుమందురు. కూరలోనిది, పచ్చడిలోనిది, మిక్చరు పొట్లములోనిది అంతయు కలిపి ఆ లెక్క.

వాపు రోగము గాదు, రోగము యొక్క గుర్తు. గుండె నీరసించినను, మూత్రపిండములు చెడినను, కాలేయము గట్టిపడినను, రక్తము తక్కువైనను కాళ్లకు నీరు దిగును. ముంగాలి ఎముకపై బొటనవ్రేలితో నొక్కిన గుంట పడును. బోదకాలు వాపు వేఱు. దానికి ఈ మాత్ర పనికిరాదు. బి.పి. కొఱకిచ్చు అమ్లోడిపిన్ అను మందుచేతనే కొందఱికి చీలమండలు వాచును. ఆ వాపునకు నీళ్ల గోలి వేసికొనుట వ్యర్థము, వైద్యునితో చెప్పిన ఆ మందును మార్చును. ఒక్క కాలు మాత్రము హఠాత్తుగా వాచి నొప్పి పెట్టినచో సిరలో నెత్తురు గడ్డకట్టియుండవచ్చును; ఆనాడే ఆసుపత్రికి పోవలయును. గర్భిణికి కాళ్లు వాచిన ఇంటిలోనున్న అత్తగారి మాత్ర ఎన్నడును ఈయరాదు. ఒకరి చీటీమీది మందు మఱియొకరికి పనికివచ్చునను తలంపు మన పల్లెలలో మిక్కిలి కలదు.

ఇక వేళను గూర్చి. ఫ్యూరోసిమైడు మ్రింగిన గంటలోగా పని మొదలిడి ఆఱు గంటలు నడచును. కావున ఉదయమే వేసికొనుమందురు. రెండవ మాత్ర కలిగినచో మూడు నాలుగు గంటల లోపలనే కావలయును. రాత్రి వేసికొన్నవాడు పలుమాఱు లేచి చీకటిలో తూలిపడును. కాని తెల్లవాఱకముందే కూరగాయల బండితో బోయినపల్లి మార్కెటుకు పోవువారు, దినమంతయు ఆడవారికి మఱుగులేని చేలలో కలుపు తీయువారు, ఈ భయముచేతనే మాత్ర మానివేయుచున్నారు. ఇది ఎవ్వరును వైద్యునితో చెప్పరు, సిగ్గుపడుదురు. చెప్పవలయును. పని ముగించి ఇంటికి చేరిన పిమ్మట మధ్యాహ్నము వేసికొనుటకు వైద్యులు తఱచుగా అంగీకరింతురు. మానుటకంటె వేళ మార్చుట మేలు. ఒకనాడు మఱచినచో మఱునాడు రెండు మ్రింగరాదు. ద్రాక్షకు బోర్డో మిశ్రమము కలుపునపుడు నూఱు లీటర్లకు కిలో మైలుతుత్తము, కిలో సున్నమని తూచి కలిపినవారమే గదా! నిన్న చల్లలేదని నేడు రెండు కిలోలు పోసితిమా?

మంచముమీదినుండి గాని, గట్టుమీదినుండి గాని చటుక్కున లేవరాదు. పోటు తగ్గి కన్నులు చీకట్లు క్రమ్మును. కూర్చుండి, పిదప నిలువబడవలయును. కల్లు, సారాయి ఈ తూలును హెచ్చించును. చైత్ర వైశాఖములలో పగటియెండలో పనిచేయువానికి చెమటచేతనే ఉప్పు, నీరు పోవును; ఆ నెలలలో మాత్ర మోతాదు తగ్గింపవలెనేమో ముందే అడిగి తెలిసికొనుడు. వాంతులు గాని విరేచనములు గాని పట్టుకొని ఏమియు నిలువనినాడు, మాత్ర మ్రింగకముందే వైద్యునకో, గ్రామపు నర్సమ్మకో కబురు చేయవలెను. తిని త్రాగ శక్తి వచ్చువఱకు నీళ్ల గోలి ఆపుమని సాధారణముగా చెప్పుదురు. బాగుపడిన పిమ్మట మరల ఆరంభింప మఱచిన, గుండె జబ్బు వారికి నీరు తిరిగి పట్టును.

నొప్పిసూదులను గూర్చి నా మాట కొందఱికి రుచింపదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతి మందులు ఒంటిలో ఉప్పు నిలిపి నీళ్ల గోలి పనిని చెఱచును. టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ వంటి పోటు మందును, నీళ్ల గోలియు, ఈ నొప్పి మందును మూడును కలిసినచో మూత్రపిండములకు మిక్కిలి ప్రమాదము. మా పెదనాన్న కీడు కొంతవఱకు ఇట్లే వచ్చినదని వైద్యులనిరి. మోకాలు నొచ్చినచో ఏమి వాడదగునో ఆ చీటీ వ్రాసినవారినే అడుగుడు.

పొటాషియమను లవణము గుండె కొట్టుకొనుటకు కావలసినది. ఫ్యూరోసిమైడు, థయజైడు జాతి మందులు దానిని బయటకు పంపును. పిక్కలు పట్టుకొనుట, నిస్సత్తువ, గుండెదడ వచ్చును. స్పైరొనోలాక్టోను, టెల్మిసార్టాన్ అట్లు గాక దానిని ఒంటిలో నిలుపును; ఎక్కువైనను గుండె ఆగును. కావున నీళ్ల గోలి వాడువారందఱును కొబ్బరినీళ్లు త్రాగవలయునను మాట సరిగాదు. ఒకనికి మేలైనది మఱియొకనికి విషము. తక్కువ సోడియమని అమ్మెడి ఉప్పులోను పొటాషియమే యుండును. గలిజేరు ఆకు, పల్లేరు కషాయము, బార్లీ నీళ్లు త్రాగుచున్నవారు ఆ సంగతియు దాచరాదు. మందు మొదలిడిన కొద్ది వారములలో క్రియాటినిన్, సోడియము, పొటాషియము పరీక్ష చేయించుట, ఆ పిమ్మట వైద్యుడు చెప్పిన గడువునకెల్ల చేయించుట ముఖ్యము. కీళ్లవాతము, చక్కెర వ్యాధి ఉన్నవారు ముందే చెప్పవలయును, ఈ మందులు రెంటిని కొంత పెంచవచ్చును గావున.

రక్తపుపోటునకు సర్కారువారు మాత్రలు ఊరకనే ఇచ్చుచున్నారు. 2017లో ఆరంభమైన రక్తపుపోటు నివారణోద్యమము మొదట చేపట్టిన అయిదు రాష్ట్రములలో తెలంగాణ యొకటి. అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, క్లోర్‌థాలిడోను అందు వాడు మందులు. పోటు 140/90 దాటినదని రెండు మూడు మాఱులు చూచిన తరువాతనే రోగమని నిశ్చయింతురు. ఒకమాఱు చూచి మందు కొనకుడు. దిగినదని చూచి మానకుడు.

వాపు రోగులు దినమును ఉదయము మూత్రము విడిచిన పిమ్మట, ఏమియు తినకముందు, తూకము చూచుకొనవలయును. మూడు దినములలో రెండు కిలోలు పెరిగిన, కాళ్లు వాచకముందే నీరు చేరుచున్నదని గుర్తు, వైద్యుని చూడవలయును. సంఘములో బస్తాల కాటా ఉన్నది గదా యని కొందఱనిరి. దానికి అరకిలో లెక్క తెలియదు; మనుష్యుల కాటా వేఱే కొనుడు, ఇద్దఱు ముగ్గురిండ్ల వారు కలిసి కొన్నను చాలును. పండుకొనిన ఊపిరాడకపోయినను, మాట తడబడి మతి చెదరినను, మూత్రము నిలిచినను, స్పృహ తప్పినను తూకముతో పనిలేదు. 108 కి చెప్పి ఆసుపత్రికి పోవలసినదే.

పెదనాన్న ఇప్పుడు వైద్యులు కుదిర్చిన ప్రకారము ఉదయము అరమాత్ర వేసికొని, గోడమీది క్యాలెండరులో తూకము బొగ్గుతో వ్రాయుచున్నాడు. నాకు చీటీలు చూపువారు ఇకమీదట చీటీతోపాటు ఇంటనున్న మాత్రల అట్టలన్నియు, నొప్పిగోలీలతో సహా, సంచిలో వేసికొని తెండు. చీటీ యొక్కటే చూచి నేనేమియు చెప్పలేను. చీటీ వ్రాసిన వైద్యుడును చెప్పలేడు.