మాంసకృత్తు: ఒక నామధేయ విచారము

ఒక శబ్దము ఒక అర్థమునందు ప్రవర్తించుటకు కారణమైన ధర్మమును శాస్త్రకారులు ప్రవృత్తినిమిత్తమందురు. జాతి, గుణము, క్రియ, యదృచ్ఛ అని అది నాలుగు విధములని మహాభాష్యకారుని మతము. గోశబ్దమునకు జాతియు, శుక్లశబ్దమునకు గుణమును, చలశబ్దమునకు క్రియయు, డిత్థశబ్దమునకు పేరు పెట్టినవాని ఇచ్ఛయు నిమిత్తములు. ఈ విభాగము ప్రాచీనశబ్దములకే కాక ఆధునికశాస్త్ర పరిభాషలకును చక్కగా అన్వయించును. ఆంగ్లమున 'ప్రోటీన్' అనియు తెలుగున 'మాంసకృత్తు' అనియు వ్యవహరింపబడు పదార్థము యొక్క వివిధనామములను ఈ దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

ఇది కేవలము పండితవినోదము కాదు. మాంసకృత్తు అను పేరు విని, అది మాంసమునుండి పుట్టిన వస్తువనియు, మాంసము ముట్టనివారికి అది లభింపదనియు తలంచువారు కలరు. వేఱుకొందఱు ఆ పేరు విన్నంతనే తమకు నిషిద్ధమైన వస్తువని సందేహింతురు. శబ్దమునందలి భ్రాంతి ఇట్లు భోజనపాత్ర వఱకు వ్యాపించుచున్నది. కావున ఈ పేరు యథార్థముగా ఏమి చెప్పుచున్నదో నిర్ణయించుట ఆవశ్యకము.

మొదట 'ప్రోటీన్' జన్మవృత్తాంతము. హాలెండు దేశీయుడైన ముల్డర్ అను రసాయనశాస్త్రవేత్త గ్రుడ్డు తెల్లసొనను, రక్తమునందలి కొన్ని ద్రవ్యములను విశ్లేషించి, వానియందు కర్బనము, ఉదజని, నత్రజని, ఆమ్లజని ఇంచుమించుగా ఒకే నిష్పత్తిలో నున్నవని కనుగొనెను. వీని కన్నిటికిని మూలమైన ద్రవ్యమొకటి గలదని అతడూహించెను. స్వీడను దేశపు విఖ్యాత రసాయనాచార్యుడు బెర్జీలియస్ 1838 జూలై 10వ తేదీన అతనికి వ్రాసిన లేఖలో ఆ ద్రవ్యమునకు ఈ పేరును సూచించెను. ముల్డర్ ఆ సంవత్సరముననే దానిని తన రచనలో వాడెను. గ్రీకుభాషలో 'ప్రోటెయోస్' అనగా ప్రథమస్థానమునందున్నది అని అర్థము. 'ప్రోటోస్' అనగా మొదటిది. ఈ శబ్దములందలి 'ప్రో' అను భాగమును, మన 'ప్ర' అను ఉపసర్గయు ఒకే మూలమునుండి వచ్చినవని భాషాశాస్త్రవేత్తలు చెప్పుదురు. కావున ఇది ప్రాధాన్యమను గుణమునుబట్టి ఏర్పడిన పేరు.

ఇచ్చట ముఖ్యముగా గమనింపదగిన విషయమొకటి కలదు. బెర్జీలియస్ అభిప్రాయమున ఈ ద్రవ్యమును మొదట సిద్ధపఱచునవి వృక్షాదులు. వానిని తిను జంతువులు దానిని పొందును. ఆ జంతువులను తిను జంతువులకు అది వానినుండి సంక్రమించును. అనగా నామకర్త దృష్టిలోనే దీని మొదటి నెలవు మాంసము కాదు, ఓషధి.

ముల్డర్ ఊహించిన ఏకైక మూలద్రవ్యము లేదని తరువాత తేలినది. ఇరువది రకముల అమైనో ఆమ్లములు నానావిధములుగా గొలుసుకట్టుటచే అసంఖ్యాకములైన ప్రోటీనులు ఏర్పడుచున్నవి. సిద్ధాంతము పోయినను పేరు నిలిచినది. ఇట్టిది క్రొత్త కాదు. ఆమ్లములన్నిటికిని జనకమను తలంపుతో పెట్టిన 'ఆక్సిజన్' అను పేరును, దాని అనువాదమైన మన 'ఆమ్లజని'యు, ఆ తలంపు పొరపాటని తేలినను నిలిచియే యున్నవి.

ఇక రెండవ త్రోవ తెలుపునుబట్టి పేరు పెట్టుట. జర్మనులు దీనిని 'ఐవైస్' అందురు. 'ఐ' గ్రుడ్డు, 'వైస్' తెలుపు. డచ్చివారి 'ఐవిట్' అట్టిదే. రష్యనుల 'బెలోక్', హంగేరీయుల 'ఫెహేర్యె' అను శబ్దములు తెల్లసొనకును ప్రోటీనుకును సమానముగా చెల్లును. రెంటియందును తెలుపను అర్థమే కలదు. చీనాభాషలో 'దాన్‌బాయ్‌జ్‌', జపానుభాషలో 'తన్‌పకుషిత్సు' అనునవి గ్రుడ్డు, తెలుపు, ద్రవ్యము అను మూడు మాటల కూర్పులు. గ్రీకుభాషయందే 'లెఫ్కోమా' అను తెలుపునకు సంబంధించిన పేరును కలదు. ఇవి ఒక ప్రసిద్ధవ్యక్తిని చూపి జాతినంతయు గ్రహింపజేయు ఉపలక్షణములు. జర్మనుడు చిక్కుడుగింజలలో 'ఐవైస్' కలదన్నపుడు, గింజలో గ్రుడ్డు ఎట్లు వచ్చెనని ఎవ్వరును అడుగరు. అచ్చట రూఢి అవయవార్థమును జయించినది.

భారతీయభాషలలో వైవిధ్యము మిక్కుటము. మరాఠీవారి 'ప్రథినము', తమిళుల 'పురదము' మూలధ్వనిని అనుసరించినవి. అందు మరాఠీ శబ్దము మన 'ప్రథమ' శబ్దమును కూడ స్మరింపజేయును. కన్నడమున నత్రజనికి 'సారజనక'మని పేరు. దానితో కూడినది గనుక ప్రోటీను 'ససారజనక'మైనది. ఇది ఘటకద్రవ్యమునుబట్టి వచ్చిన పేరు, శాస్త్రసమ్మతము కూడ. ప్రోటీనునందు నత్రజని నూటికి సుమారు 16 పాళ్లుండును. ఆహారమునందలి నత్రజనిని కొలిచి, 6.25తో గుణించి ప్రోటీను లెక్క కట్టు పద్ధతి నేటికిని కలదు. మలయాళమున 'మాంస్యము', వంగభాషలో 'ఆమిష్' అందురు. ఆమిషము అమరకోశమున మాంసపర్యాయములలో నొకటి. వంగభాషలోనే మాంసము లేని భోజనమునకు 'నిరామిష్' అని పేరు. కావున అచ్చట పప్పు నిరామిషమే యైనను ఆమిషము గలదని చెప్పవలసి వచ్చుచున్నది!

తెలుగుపేరునకు ఇట్టి విరోధము లేదు. మాంసమును చేయునది మాంసకృత్తు. 'మాంసం కరోతి' అని విగ్రహము. కర్మవాచకమైన మాంసశబ్దము ఉపపదముగా నుండగా కృధాతువుపై కర్త్రర్థమున క్విప్ ప్రత్యయము వచ్చును. ఆ ప్రత్యయము పూర్తిగా లోపించును. ధాతువు హ్రస్వాంతమగుటచే తుగాగమము వచ్చి 'కృత్' అని నిలుచును. మంత్రకృత్, పుణ్యకృత్, భాష్యకృత్ అనునవి ఈ తీరువే. భాష్యకృత్తు భాష్యమును రచించినవాడే కాని భాష్యమునుండి పుట్టినవాడు కాడు గదా! భ్రాంతికి మూలము 'కృత్' శబ్దమును 'కృత' శబ్దముగా వినుట. మాంసకృతమన్నచో మాంసముచే చేయబడినదగును. మొదటిది కర్తరి, రెండవది కర్మణి. ఒక్క అకారముచే కారణము కార్యమగుచున్నది.

ఏకవచనరూపమునందును జాగ్రత్త వలయును. తకారాంతమైన సంస్కృతశబ్దము తెలుగున విద్యుత్తు, జగత్తు అనునట్లు ద్విత్వముతో ఉకారాంతమగును. కావున మాంసకృత్తు అనుటయే సాధువు. బహువచనమైన 'మాంసకృత్తులు' అను రూపమునుబట్టి వెనుకకు పోయి, శక్తులు మున్నగువాని పోలికను 'మాంసకృత్తి' అని వ్రాయుటయు కద్దు. సంస్కృతమున కృత్తి అనగా చర్మము. కృత్తివాసుడు శివుడు. అట్లు వ్రాసినచో అర్థము తోలునొద్దకు పోవును.

ఈ నామమునందు దోషమే లేదా యని ప్రశ్న. వెండ్రుకలు, గోళ్లు, పట్టుదారము, రక్తమునకు ఎఱుపునిచ్చు హీమోగ్లోబిన్, జీర్ణక్రియను నడపు ఎంజైములు కూడ ప్రోటీనులతో ఏర్పడినవే. వానియందు మాంసకరణము లేదు గనుక అవయవార్థమునకు అవ్యాప్తి. శక్తినిచ్చి దేహవృద్ధికి తోడ్పడు పిండిపదార్థములయందు అతివ్యాప్తి. కాని ఇది పంకజశబ్దమువలె యోగరూఢము. బురదలో పుట్టినవన్నియు పంకజములు కానట్లే, మాంసవృద్ధికి తోడ్పడునవన్నియు మాంసకృత్తులు కావు. అతివ్యాప్తిని రూఢి నివారించును. అవ్యాప్తి యందురా, నామము లక్షణవాక్యము కాదు. అది ఒక ప్రధానధర్మమును చూపిన చాలును.

ఆ ధర్మము మాంసాహారమునకే చెందదనుటకు లెక్కలు సాక్ష్యము. నూఱు గ్రాముల ఎండు కందిపప్పులో మాంసకృత్తులు సుమారు 22 గ్రాములు, వేరుసెనగలో సుమారు 25 గ్రాములు, కోడిగ్రుడ్డులో సుమారు 13 గ్రాములు. పప్పు ఉడికి నీటిని పీల్చినపుడు ఆ పాలు తగ్గునన్నది నిజమే. బియ్యమున లైసిన్ అను అమైనో ఆమ్లము కొఱత, పప్పున అది సమృద్ధి. పప్పున కొఱతయైన మెథియోనిన్ బియ్యమున లభించును. కావున పప్పన్నమున ఒకదాని లోపమును వేఱొకటి పూరించుచున్నది. ఆయుర్వేదమును మినుములను బల్యమనియు బృంహణమనియు, అనగా బలమునిచ్చి దేహమును పుష్టిపఱచునదనియు చెప్పినది. ఓషధి మాంసమును పెంచునను భావము మనకు క్రొత్త కాదు.

కావున ఈ పేరును త్యజింప నవసరము లేదు. ప్రోటీన్ అను మాట వ్యవహారమున ప్రబలినను, అర్థము తెలియనివానికి అది డిత్థశబ్దమువంటిదే. మాంసకృత్తు అనునది తన పనిని తానే చెప్పుకొను మాట. కాని దానిని విప్పి చెప్పు ఉపాధ్యాయుడు కావలెను. పాఠ్యగ్రంథములందు ఈ శబ్దము తొలిసారి వచ్చుచోట 'మాంసమును నిర్మించునది, మాంసమునుండియే వచ్చునది కాదు' అను ఒక్క వాక్యము చేర్చిన చాలును. అంతమాత్రముననే విద్యార్థికి వ్యుత్పత్తియు తెలియును, తన ఇంటి పప్పుగిన్నె విలువయు తెలియును.