మరిగే అంబాసిడర్‌కు సైకిల్ ట్యూబు కట్టు

సోమందేపల్లె: హైదరాబాదు–బెంగుళూరు రోడ్డు పక్కన ఎండాకాలం మిట్టమధ్యాహ్నం బానెట్ ఎత్తుకుని, ఆవిరి కక్కుతూ నిలబడిన పాత అంబాసిడర్ కారు అప్పుడప్పుడు కనిపిస్తుంది. గత వేసవిలో అలా ఆగిన ఒక కారును ఈ విలేకరి దగ్గరుండి చూశాడు. లోపల పెళ్ళికి పోతున్న కుటుంబం. రేడియేటర్ పై హోస్ పైపు వంపు దగ్గర చీలింది. కారు సొంతదారైన పెద్దాయన కంగారుగా మూత మీద చెయ్యి వేయబోగా, షెడ్డులోంచి వచ్చిన మెకానిక్ కేకేశాడు: "వద్దు పెద్దాయనా, మొగం కాలుతుంది!"

అర్ధగంట ఆగి, తడి గోనెపట్ట కప్పి మూత తిప్పారు. పైపు తుడిచి ఆరబెట్టారు. తడి మీద రబ్బరు పట్టదు. పాత సైకిల్ ట్యూబును పొడుగ్గా కోసి, సాగదీసి, పొర మీద పొర చుట్టి ఇనుప తీగతో బిగించారు. మూతను మాత్రం పూర్తిగా బిగించలేదు. ఒత్తిడి పెరిగితే కట్టు తెగుతుంది మరి.

దీనికి ఖరీదు లేకపోలేదు. ఒక్కో పౌను ఒత్తిడికి నీరు మరిగే వేడి సుమారు ఒకటిన్నర డిగ్రీ పెరుగుతుంది. హిందూపురం ప్రాంతం దాదాపు రెండువేల అడుగుల ఎత్తు కాబట్టి ఇక్కడ నీరు 98 డిగ్రీలకే మరుగుతుంది. 7 పౌన్ల మూత బిగిస్తే 110 దాకా తట్టుకుంటుంది. మూత వదులైతే ఆ బలం పోయినట్టే. అందుకే ఆ కారు ఎద్దులబండి కన్నా కాస్త వేగంగా, రెండుచోట్ల ఆగి హిందూపురం చేరింది.

పక్క పెనుకొండ మండలంలో 2019 నుంచి కియా కొత్త కార్లు తయారవుతున్నాయి. అంబాసిడర్ తయారీ మాత్రం బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014లోనే ఆగింది. సరైన పైపు దొరకక లారీ, ట్రాక్టర్ పైపులు కోసి తొడుగుతున్నారు. పై పైపుకు ఇది చెల్లుతుంది. కింది పైపు సంగతి వేరు. వాటర్ పంపు అటునుంచే నీళ్ళు పీలుస్తుంది. మెత్తటి పైపు వేస్తే వేగంలో లోపలికి అతుక్కుపోయి నీటిదారి మూసుకుంటుంది. బండి ఆపి చూస్తే పైపు మళ్ళీ గుండ్రంగానే ఉంటుంది, తప్పు ఎక్కడుందో అంతుపట్టదు. లోపల స్ప్రింగు చుట్ట పెట్టడమే దీనికి మందు.

పెండ్లిపత్రిక అట్ట కోసి, గ్రీజు పూసి గ్యాస్కెట్‌గా వాడేవారున్నారు. కొన్నాళ్ళు ఆగుతుంది. రేడియేటర్ కారితే పిడికెడు పసుపు వేయడం మనవాళ్ళకు పాత అలవాటు. పసుపు ఉబ్బి చిన్న చిల్లిని పూడుస్తుంది, నిజమే. కానీ చిల్లి ఏదో, సన్నటి నీటిగొట్టం ఏదో పసుపుకు తెలియదు. ఊరు చేరాక కడిగేయకపోతే రెండూ పూడుతాయి. పాత డైనమో ఉన్న బండికి మారుతి 800 ఎలక్ట్రిక్ ఫ్యాను బిగించడం కూడా ఆలోచించి చేయాల్సిన పని. బండి నిలబడి ఉన్నప్పుడు డైనమో సరిగా కరెంటివ్వదు, ఫ్యాను బ్యాటరీని తినేస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, మనం పోసే నీళ్ళు ఒక ఎత్తు. బోరునీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా కట్టే సున్నపు పొర ఏ ఇల్లాలికైనా తెలుసు. అదే పొర రేడియేటర్‌లో, ఇంజను లోపల కడుతుంది. పైపు కారితే కంటికి కనిపిస్తుంది, ఈ పొర కనిపించదు. వేడి బయటికి పోలేక చివరికి హెడ్ గ్యాస్కెట్ కాలుతుంది. బాడుగకు తిప్పుకునే వాడికి ఆ సీజను సంపాదన అక్కడితో సరి. కాలిన ఇంజనులో చన్నీళ్ళు గుమ్మరిస్తే హెడ్డు పగులుతుంది కూడా.

కరువు సీమలో మంచినీళ్ళు ఎక్కడివంటారా? వానొచ్చిన నాడు, మొదటి నీళ్ళు వదిలేసి, కప్పు నుంచి పట్టిన నీళ్ళు చాలు. అదీ లేకపోతే బోరునీళ్ళు మరిగించి, చల్లార్చి, పైతేట వంచుకోవాలి. ఉప్పులన్నీ పోవు, పొర కట్టేది మాత్రం కొంత అడుగున నిలుస్తుంది. పొంగి నేలపాలయ్యే నీళ్ళకూ ఉపాయముంది: వెనక్కి పీల్చుకునే రకం మూత వేసి, పొంగుగొట్టం కొసను సీసాలో నీటిలో మునిగేలా పెడితే, ఇంజను చల్లారినప్పుడు రేడియేటర్ తిరిగి తాగుతుంది.

ఆ పెద్దాయన మొన్న మళ్ళీ షెడ్డుకు వచ్చాడు. కొత్త పైపు వేయించాడు. డిక్కీలో రెండు క్యాన్ల వాననీళ్ళు. దాహమేసి మనవడు ఒక క్యాను మూత తీయబోతే, "అది కారుది, నీకు దుకాణంలో సోడా కొనిస్తాలే" అని చెయ్యి పట్టుకున్నాడు.