కత్తికి పదును, ఉక్కుకు రక్షణ

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతపు తోటలనుండి కూరగాయలును ఆకుకూరలును నిత్యము హైదరాబాదు అంగళ్లకు చేరుచున్నవి. వాటిని తరుగుటకు మన యిండ్లలో తరతరములుగా నున్నది కత్తిపీట. ఇటీవల కొన్ని వంటయిండ్లలో దాని ప్రక్కకు జపాను ఉక్కు కత్తియు వచ్చినది. రూపము వేరైనను ఈ రెండింటి స్వభావ మొక్కటే. తడి తగిలినచో రెండును తుప్పు పట్టును. రెండు దినములలో నల్లబడినదని మంచి కత్తిని మూల పడవేయుట పొరపాటు.

ఇనుమునకు కాఠిన్యము నొసగునది అందలి కర్బనము. నూటికి 0.6 వంతులు మించినచో దానిని అధిక కర్బనపు ఉక్కు అందురు. జపాను కత్తులలో ఇది సాధారణముగా 1 వంతుకు అటునిటుగా నుండును. ఇట్టి ఉక్కు మనకు క్రొత్త కాదు. నిజామాబాదు ప్రాంతమందలి కోనసముద్రములో కమ్మరులు మూసలలో ఇంతకు మించిన కర్బనముగల ఉక్కును చేసిరి. 19వ శతాబ్ది తొలినాళ్లలోను పారశీక వర్తకులు దానికై అచటికి వచ్చుచుండిరి.

కఠినమైన ఉక్కు సన్నని వాదరను నిలుపుకొనును, కాని పెళుసైనది. ఎముకలను, గడ్డకట్టిన పదార్థములను దానితో కొట్టరాదు. గాజు పలకపై తరుగరాదు. చెక్క పలకయే మేలు. ఉల్లి, మామిడి తగిలి ఏర్పడు నీలినలుపు పొర హానికరము కాదు, కొంత రక్షణ కూడ. ఎఱ్ఱని తుప్పే శత్రువు. నిమ్మ, చింతపండు రసములు తగిలిన వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడువవలెను. కొన్నాళ్లు వాడనిచో కొబ్బరినూనె పలుచగా పూయవలెను.

ఇక సాన. 1000 అంకెగల నీటి సానరాయిని తడిగుడ్డపై కదలకుండ అమర్చి తడుపవలెను. కత్తి వెన్నును కొంచెము ఎత్తవలెను. లంబకోణములో ఆరవవంతు, అనగా 15 డిగ్రీలు, జపాను కత్తికి చాలును. ఆ వాలు మారకుండ రుద్దవలెను. వెన్నునుండి వాదర వెలుపలికి వ్రేలిని మెల్లగా జార్చినచో, ఎదురువైపున గరుకు తగులును. పొడవంతయు అట్లు తగిలిన పిదపనే కత్తిని త్రిప్పి రెండవవైపు రుద్దవలెను. తుదకు 3000 మొదలు 6000 వరకు అంకెగల నున్నని రాతిపై తేలికగా రుద్దిన గరుకు పోవును. ఒకవైపే వాలుగల కత్తికి రెండవవైపును చదునుగా ఆనించి, ఒకటి రెండుమార్లు మాత్రమే రుద్దవలెను. కత్తిపీటకైనచో పీటను కదలకుండ నిలిపి, చిన్న సానరాయిని వెన్నునుండి వాదరవైపునకు కాక, వాదర పొడవున జాగ్రత్తగా నడుపవలెను.

వేగముగా తిరుగు పొడి చక్రముపై సాన పట్టించునపుడు మెలకువ అవసరము. వాదర వేడెక్కి నీలిరంగు తేలినచో అచట ఉక్కు మెత్తబడినదని గుర్తు. ఆ భాగము అరిగి పోవువరకు పదును నిలువదు. తడిరాతిపై ఈ భయము లేదు.

మొద్దుబారిన కత్తికి బలము ప్రయోగింపవలసి వచ్చును. బలము ప్రయోగించినపుడే అది జారి వ్రేలిని కోయును. పదును కలదో లేదో తెలిసికొనుటకు వ్రేలితో పనిలేదు. పండిన టమాటాపై కత్తిని ఆనించి, నొక్కక, మెల్లగా లాగి చూడుడు. తొక్క తెగినచో పదును కలదు. జారినచో రాయి తడుపవలసిన దినము వచ్చినది.