ఐదు వాట్లే కదా అనుకుంటే

1965లో ‘ది హూ’ బృందం గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్‌కి లండన్‌లో దొరికే యాంప్‌ల మోత చాల్లేదు. యాంప్‌లు తయారుచేసే జిమ్ మార్షల్ దగ్గరికెళ్లి ఇంకా పెద్దది కావాలని పట్టుబట్టాడు. అలా పుట్టినవే మార్షల్ వంద వాట్ల యాంప్‌లు. అప్పట్లో మైకులు, సౌండ్ బాక్సులు పాడేవాళ్లకే సరిగా సరిపోయేవి కావు. జనం కేకల్ని దాటి చివరి వరస దాకా గిటారును వినిపించే బాధ్యత యాంప్‌దే. ఇవాళ గిటారుకీ మైకు పెడుతున్నారు కాబట్టి ఆ అవసరం తీరిపోయింది. వాట్ల మీద మోజు మాత్రం తీరలేదు. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో, రాత్రి భోజనాలయ్యాక అరగంట సాధన చేసుకునే కుర్రాడికి కూడా “పది వాట్లేం సరిపోతాయి, నలభై తీసుకోండి” అనే సలహానే దొరుకుతుంది.

లెక్క చూస్తే ఆ సలహా నిలవదు. పవర్ రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే. పక్కగదిలో వాళ్లకి “కాస్త పెంచినట్టున్నాడు” అనిపిస్తుంది, అంతే. మోత రెండింతలైనట్టు చెవికి తోచాలంటే పవర్ సుమారు పది రెట్లు కావాలి. అంటే ఒకే స్పీకరు మీద వంద వాట్ల యాంప్ పది వాట్లదానికి రెండింతలే మోగుతుంది. పది వాట్లది ఒక్క వాటుదానికి రెండింతలు.

ఇక ఆ ఒక్క వాటు సంగతి. ఇంట్లో పాటలు వినే మామూలు స్పీకరుకి ఒక వాటు ఇస్తే, మీటరు దూరంలో 85 నుంచి 90 డెసిబెల్స్ దాకా వస్తుంది. గిటారు స్పీకర్లు అంతకన్నా గట్టివి. సెలెస్టియన్ వారి వింటేజ్ 30 అనే పేరున్న పన్నెండంగుళాల స్పీకరుకి ఇదే కొలత 100 డెసిబెల్స్. అలాంటిదానికి ఐదు వాట్లిస్తే 107. వాటులో పదోవంతుకి 90, వందో వంతుకి 80, వెయ్యో వంతుకి 70. ఇద్దరు మనుషులు మామూలుగా మాట్లాడుకునే స్థాయి 60 ఉంటుంది. కాబట్టి ఇంట్లో టీవీ అంత శబ్దంతో వాయించుకుంటున్నామంటే, నలభై వాట్ల యాంప్ నుంచి వాడుకుంటున్నది ఏ మిల్లీవాటో రెండు మిల్లీవాట్లో. మిగతాదానికి డబ్బు కట్టాం, మోసుకొచ్చాం, అంతే.

చెవి ఆరోగ్యం సంగతీ ఇక్కడే చెప్పాలి. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి ఎనిమిది గంటలకు మించి ఉండొద్దని, ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయాన్ని సగం చేసుకోవాలని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది. ఆ లెక్కన 100 దగ్గర పావుగంటే. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ పరిమితి పెట్టాయి. కింది పోర్షన్ వాళ్లకి ఈ అంకెలు తెలియకపోవచ్చు, తలుపు కొట్టడం తెలుసు.

మరి చిన్న వాల్వ్ (వాక్యూమ్ ట్యూబ్) యాంప్‌లంటే అంత వెర్రి ఎందుకు? వాల్వ్‌ని దాని హద్దు దాకా తోస్తే, ఎత్తు తక్కువ గుమ్మంలో మనిషి తల వంచినట్టు, తరంగం శిఖరం మెల్లగా వంగుతుంది. ఆ వంపులోంచి కొత్త అనుస్వరాలు పుట్టి స్వరం చిక్కబడుతుంది. మామూలు ట్రాన్సిస్టర్ సర్క్యూట్ అదే హద్దు దగ్గర శిఖరాన్ని కత్తిరించేస్తుంది, శబ్దం గరుకెక్కుతుంది. వంద వాట్లదాన్ని ఆ హద్దు దాకా తేవాలంటే ఊరు లేస్తుంది. ఐదు వాట్లదైతే తొందరగా చేరుతుంది. ఫెండర్ ఛాంప్ లాంటి బుల్లి యాంప్‌లను స్టూడియోల్లో ఇష్టపడింది ఇందుకే. అయితే స్టూడియోకి తగినంత చిన్నదైనది అపార్టుమెంటుకి చిన్నది కాదు. ఇందాకటి 107 గుర్తుంది కదా. ఫ్లాట్‌లో ఉండేవాళ్లకి ఐదు వాట్ల వాల్వ్ యాంప్ కొనమని నేను చెప్పను. పవర్‌ని అర వాటుకో, అంతకన్నా కిందికో తగ్గించే స్విచ్ ఉంటే అప్పుడు ఆలోచించవచ్చు. ఇంకొక జాగ్రత్త: స్పీకరు తగిలించకుండా వాల్వ్ యాంప్‌ని వాయిస్తే లోపలి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

తక్కువ శబ్దానికి ఇంకో చిక్కుంది, అది యాంప్‌ది కాదు, చెవిది. 1933లో బెల్ ల్యాబ్స్‌లో హార్వే ఫ్లెచర్, విల్డెన్ మన్సన్ కొలిచి చూపించారు: శబ్దం తగ్గేకొద్దీ మనకు ముందుగా వినిపించకుండా పోయేది మంద్రం. షాపులో గట్టిగా వాయించినప్పుడు నిండుగా ఉన్న యాంప్ ఇంట్లో నెమ్మదిగా పెట్టేసరికి పల్చబడేది అందుకే. బాస్ బటన్ రెండు గీతలు పెంచితే చాలావరకు సర్దుకుంటుంది. ఇంటి కోసమే తయారైన డిజిటల్ యాంప్‌లు కొన్ని ఈ సవరణను లోపలే చేసేస్తాయి. యమహా టీహెచ్ఆర్ శ్రేణి ఉద్దేశం వేదిక కాదు, ఇల్లే.

స్పీకరు సైజు గురించి మరీ బెంగపడక్కర్లేదు. గిటారు లావు తీగ మూల స్వరం సెకనుకు 82 కంపనాలు. మూడంగుళాల స్పీకరు దాన్ని సరిగా పలికించలేదు. అయినా దాని రెట్టింపు, మూడింతల అనుస్వరాలు వినిపిస్తే చాలు, లేని మూలాన్ని మెదడే పూరించుకుంటుంది. వినిపించడం వేరు, నిండుగా వినిపించడం వేరు. చోటుంటే ఆరున్నర, ఎనిమిది అంగుళాలది మేలు.

అమెరికా నుంచి అన్నయ్యో పిన్నిగారబ్బాయో యాంప్ తెస్తానంటే, ముందు దాని వెనకాల చీటీ ఫొటో తీసి పంపమనండి. 120 వోల్టులు అని మాత్రమే రాసి ఉంటే మన 230కి తిన్నగా పెట్టకూడదు. ఫ్యూజ్ ఒక్కటే పోతే అదృష్టం. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది గానీ, యాంప్ కన్నా అదే బరువనిపించవచ్చు. 100 నుంచి 240 దాకా తీసుకునే అడాప్టర్‌తో నడిచే రకమైతే ఈ తిప్పలుండవు.

షాపులో పరీక్షించేటప్పుడు వాల్యూమ్ తగ్గించుకుంటూ రండి. ప్లెక్ట్రమ్ తీగను గీరే చప్పుడు, స్పీకరు శబ్దం సమానంగా వినిపించే చోట ఆపి, తెలిసిన పాటేదైనా ఐదు నిమిషాలు వాయించండి. బటన్ అక్కడ మిల్లీమీటరు కదిపితేనే మోత ఎగిరి పడుతుంటే ఆ యాంప్ ఇంటికి పనికిరాదు. తర్వాత హెడ్‌ఫోన్ పెట్టి చూడండి. చవక రకాల్లో కొన్నిటికి హెడ్‌ఫోన్ శబ్దం కందిరీగల మోతలా ఉంటుంది. రాత్రి పది తర్వాత మీకు మిగిలేది అదే కాబట్టి, అది నచ్చకపోతే ఇంకోటి తీయమనండి.